చక్రం కింద ఇటుక

మార్చి పదిహేడో తేదీ. ఆ రోజు పొద్దున నేనూ మా అమ్మాయీ రొట్టెముక్కలూ అరటిపండ్లూ తిన్నాం. మధ్యాహ్నం నేనొక్కణ్ణే మళ్ళీ అవే తిన్నాను. రాత్రికి అరటిపండ్లు అయిపోయి ఉత్త రొట్టె మిగిలింది. ముందురోజే గ్యాస్ అయిపోయింది. కొత్త సిలిండర్ తెచ్చిన బండి మా సందు మొదటిదాకా వచ్చి, లోపలికి దారి లేక, కాసేపు హారన్ మోగించి వెనక్కి వెళ్ళిపోయింది. సిలిండర్ భుజాన వేసుకుని నడిచి వద్దామని బండివాడు దిగాడట. కానీ వరసగా నిలబెట్టిన కార్లకీ గోడకీ మధ్య మనిషైతే పక్కకి తిరిగి నడవగలడు. సిలిండర్ పక్కకి తిరగదు కదా.

"నగరం నడిబొడ్డున ఉండి, అడవిలో వాళ్ళలా పళ్ళు తిని బతుకుతున్నాం నాన్నా," అంది మా అమ్మాయి, రొట్టె నీళ్ళలో ముంచుకుంటూ.

తను ట్రాఫిక్ కంట్రోల్ రూములో పనిచేస్తుంది. గోడనిండా తెరలు. ఏ కూడలిలో ఎంతమంది ఇరుక్కున్నారో చూసి సిగ్నళ్ళు మార్చడం తన పని. ఊరందరికీ దారి చూపించే పిల్లకి, మా గేటు దాటడమే రోజూ పెద్ద గండం.

మా భవనం సందు చివర ఉంటుంది. సందు కొంచెం వాలుగా మా వైపుకి దిగుతుంది. కింది అంతస్తు కార్లు పెట్టుకోవడానికి కట్టింది. ఊళ్ళో అద్దె గదులు దొరకడం కష్టమైపోయాక మా బావమరిది కన్ను దానిమీద పడింది. బావమరిదంటే మా ఆవిడ తమ్ముడు, రెండో అంతస్తులో ఉంటాడు, అసోసియేషన్ సెక్రటరీ. "కారు ఎండలో ఉంటే కందిపోదు బావగారూ. కారు అద్దె కూడా ఇవ్వదు," అన్నాడు. అందరికీ నచ్చింది. ఎవరి స్థలంలో వాళ్ళు గోడలు లేపి గదులు చేసుకున్నారు. కార్లు సందులోకి వెళ్ళాయి. నా స్థలం ఒక్కటీ అలాగే మిగిలింది, అందులో మా అమ్మాయి స్కూటర్ ఉంటుంది. ఇదేదో నా ఆదర్శం అనుకోకండి. మా ఆవిడ అప్పుడు మంచంమీద ఉంది, సిమెంటు దుమ్ము ఆవిడకి పడదు, అంతే.

సందులో కార్లు ఒకదాని వెనక ఒకటి ముక్కూ తోకా ఆనుకునేలా ఉండేవి కాబట్టి ఒక పద్ధతి పుట్టింది. ఎవరూ హ్యాండ్ బ్రేకు వెయ్యకూడదు, గేరులో పెట్టకూడదు. చక్రం కింద ఒక ఇటుక పెట్టి వెళ్ళాలి. ఎవరికి దారి కావాలంటే వాళ్ళు ఇటుక తీసి, కారుని ముందుకో వెనక్కో తోసి, ఇటుక మళ్ళీ పెట్టాలి. గదులు కట్టగా మిగిలిన ఇటుకలే దానికి వాడేవాళ్ళు. బయటి ఊళ్ళనుంచి ఎవరైనా చుట్టం వచ్చి అలవాటు కొద్దీ బ్రేకు వేశాడంటే ఇక ఆ రోజు సందంతా తిట్లే.

రిటైరయ్యేదాకా నా ఉద్యోగం ఇన్సూరెన్సు కంపెనీలో. గుద్దుకున్న కార్లని చూసి ఏది ఎక్కడ ఎలా తగిలిందో చెప్పడం. ఉద్యోగం వదిలినా చూపు వదల్లేదు, ఇప్పటికీ కారు కనిపిస్తే ముందు దాని సొట్టలే కనిపిస్తాయి.

ఆ ఎండాకాలమే పెద్దరోడ్డుమీద రద్దీ తగ్గించడానికి ఫ్లైఓవరు మొదలుపెట్టారు. అంటే రోడ్డు సగం తవ్వేశారు. మిగిలిన సగంలో ఊరంతా నిలబడింది. పొద్దున్నుంచి చీకటిపడేదాకా హారన్లు. కిటికీ ఊచలమీద నల్లగా మసి, తడిగుడ్డతో తుడిస్తే జిడ్డులా చేతికి అంటేది. సబ్బుతో కడిగినా గోళ్ళకింద ఉండిపోయేది. అన్నం కలుపుకోబోతే అదే కనబడి చెంచా తెచ్చుకునేవాణ్ణి. ఒకరోజు మాత్రం, ఇరుక్కున్న కారులోంచి ఒకాయన చెయ్యి చాచి, పక్కబండిలో ఏడుస్తున్న పిల్లకి నీళ్ళసీసా అందించడం చూశాను. వారంరోజులు ఆ దృశ్యం మీద బతికాను.

గేటు పక్కన, సందుకి ఎదురుగా ఉన్న గది మా బావమరిదిది. అందులో ఒక బస్సు కండక్టరమ్మ, వాళ్ళమ్మ అద్దెకుండేవాళ్ళు. బస్సు డిపో వెనక వీధే. తెల్లవారకముందే బయల్దేరే మొదటి బస్సు ఆవిడది. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం కండక్టరమ్మ పైకొచ్చి తలుపు కొట్టింది. "సార్, ఒక చెయ్యి వేస్తారా? మంచం జరపాలి. కిటికీ బయట ఎవరు కారు స్టార్ట్ చేసినా పొగంతా అమ్మ మొహంలోకే వస్తోంది."

వెళ్ళాను. గది అంటే నాలుగువైపులా గోడలున్న కారు స్థలమే. నేలమీద ఇంకా పసుపు గీతలున్నాయి. పెద్దావిడ మంచంమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మా, నువ్వు దిగితే గానీ మంచం కదలదు."

"నేనెంత బరువుంటానే?"

"నువ్వు కాదు, నువ్వు మంచం కింద దాచిన పెట్టెలు బరువు. దిగు దిగు. ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది."

"ఇంట్లో కూడా బస్సే దీనికి," అంది పెద్దావిడ నాతో. "నిద్రలో కూడా జరగండి జరగండి అంటుంది బాబూ. ఎక్కడికి జరగను, అటు గోడ."

"బస్సే నయం అమ్మా. దానికి కిటికీలు ఎక్కువ."

మేమిద్దరం చెరోవైపు పట్టుకుని మంచాన్ని లోపలి గోడకి చేర్చాం. పెద్దావిడ కూర్చుని చూసి, ఇక్కడ గాలి రాదంది. పొగ కూడా రాదంది కూతురు. అదీ నిజమేనని ఒప్పుకుంది.

ఆ వారంలోనే, నేను మధ్యాహ్నం నడుం వాల్చిన వేళ, కింద ఏదో కూలిన చప్పుడైంది. పెద్దగా కాదు, ఇసుక బస్తా జారినట్టు. దిగి చూస్తే మా బావమరిది కొత్త కారు కండక్టరమ్మ గదిలో ఉంది. వాలులో మెల్లగా దొర్లుకుంటూ వచ్చి గోడని తోసుకుని సగందాకా లోపలికి వెళ్ళింది. అంతకుముందు మంచం ఉన్నచోటే దాని ముక్కు ఆగింది. లోపలంతా ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములోంచి పెద్దావిడ గొంతు, తలుపు కొట్టినవాళ్ళని అడిగినట్టు, "ఎవరండీ?" అంది.

నేను కారు పక్కనుంచి దూరి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మంచంమీదే ఉంది. జుట్టంతా ఎర్రగా అయింది. పొగ మీద కోపంతో మంచం జరిపాం. ఆ పాడు పొగే ఆవిణ్ణి మిగిల్చింది.

ఈలోగా భవనంలో వాళ్ళంతా దిగారు. నేలమీద పడిన పెద్దావిడ దుప్పటిని తొక్కుకుంటూ వచ్చి కారు చుట్టూ మూగారు. మా బావమరిది బంపరు దగ్గర గొంతుక్కూర్చుని, పసిపిల్లవాడి బుగ్గ నిమిరినట్టు దాన్ని నిమురుతున్నాడు.

"బావగారూ, సమయానికి వచ్చారు. మీకు తెలిసినంత ఎవరికి తెలుసు. ఇది సరిచేస్తే సరిపోతుందంటారా, మార్చాలా?"

బయటికొచ్చి సందులో కారు నిలబడే చోటు చూశాను. అలవాటు. నేలమీద అరచేయంత మేర ఎర్రటి పొడి, దానిమీంచి టైరు అచ్చు. వేలితో తాకితే కుంకుడుకాయ పొడిలా మెత్తగా అంటింది.

"బంపరు ఇటువైపు బావగారూ," అని లోపల్నుంచి కేక వేశాడు.

చీకటిపడ్డాక మా అమ్మాయి ఇంటికొచ్చింది. విషయం విని బ్యాగు బల్లమీద పెట్టింది. "పొద్దున గేటు తియ్యడానికి ఆ కారు పైకి తోసింది నేనే నాన్నా. ఇటుక పెట్టాననే గుర్తు. రోజూ పెట్టేదాన్నే కదా, పెట్టింది ఈ రోజో నిన్నో..." అంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నేను పొడి సంగతి చెప్పాను. నమ్మలేదు. తనని ఊరడించడానికి అంటున్నాననుకుంది.

మర్నాడు సాయంత్రం మెట్లదగ్గర మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పళ్ళెం నిండా బిస్కెట్లు. పది అడుగుల దూరంలో, గోడ పడినచోట కండక్టరమ్మ కట్టిన దుప్పటి గాలికి ఊగుతోంది. దాని వెనక తల్లీకూతుళ్ళు. మేం మాట్లాడే ప్రతి ముక్కా వాళ్ళకి వినిపిస్తుంది. వాళ్ళని మీటింగుకి పిలవాలని ఒక్కరికీ తోచలేదు.

"ముందు కారు సంగతి తేల్చుకుందాం," అన్నాడు మా బావమరిది. "ఇటుక తీసి పెట్టనిదెవరు?"

అందరూ బిస్కెట్ల వంక చూశారు. మా అమ్మాయి లేచింది.

"నిన్న పొద్దున కారు తోసింది నేను మామయ్యా. ఇటుక పెట్టానని నా నమ్మకం. ఒట్టేసి మాత్రం చెప్పలేను."

గుంపు మొత్తం ఒకేసారి ఊపిరి వదిలింది. తమమీదికి రాలేదన్న సుఖం ప్రతి మొహంలోనూ కనబడింది.

"పోనీలే అమ్మాయీ. నువ్వు పరాయిదానివా? బంపరు నేను చూసుకుంటాలే."

"అదీ పెద్దమనసంటే," అన్నాడు మూడో అంతస్తు ప్లీడరు, బిస్కెట్ కొరుకుతూ.

"మరి ఆ పెద్దావిడ సంగతి?" అంది మా అమ్మాయి.

"ఆవిడకేమైంది? నిక్షేపంలా ఉందిగా," అన్నాడు మా బావమరిది.

అప్పుడు నేను లేచాను. ఇలాంటి చోట్ల సాధారణంగా నేను నోరు విప్పను. "అమ్మాయి ఇటుక పెట్టింది. దాని పొడి ఇంకా అక్కడే ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. సగం కాలిన ఇటుక, బరువుకి ఎండలో చితికిపోయింది. ఈ గది గోడ కట్టిందీ ఆ ఇటుకలతోనే. అంత మెల్లగా వచ్చిన కారుని మామూలు గోడైతే ఆపేది. ఇది ఆనుకుంటేనే పడిపోయింది," అన్నాను.

అతను తల దించుకుంటాడనుకున్నాను. ఎన్ని వందల కార్లని అంచనా వేశానో గానీ, సొంత బావమరిదిని వెయ్యలేకపోయాను.

"విన్నారుగా," అన్నాడు అందరివైపూ తిరిగి. "ఆయన ఈ పనిలో తలపండిన మనిషి. ఆయన నోటితోనే అంటున్నారు, ఆ గది ప్రమాదమని. అలాంటిచోట ఆడవాళ్ళని ఉంచడం మనకి మంచిది కాదు. మే నెలాఖరుకి ఖాళీ చేయించేస్తాను. వాళ్ళ క్షేమం కోసమే."

అందరూ తలలూపారు. ప్లీడరు ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు. తక్కిన గదుల్లో గోడలూ ఆ ఇటుకలే కదా అని మా అమ్మాయి అడిగితే, వాటి సంగతి తరువాత చూద్దామన్నారు. నేను చెప్పిన నిజాన్ని నా కళ్ళముందే చేతిలోకి తీసుకుని, దానితోనే వాళ్ళిద్దరినీ వీధిలోకి తోశాడు.

పైకి వస్తూ మా అమ్మాయి మెట్లమీద ఆగింది. "నిజంగానే పొడి ఉందా నాన్నా?"

"వచ్చి చూడు."

సందులో దీపం కింద వంగి వేలితో తాకి చూసుకుంది. చాలాసేపు ఆ ఎర్రటి వేలిని చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని, రెండోసారి కూడా వడ్డించుకుంది. ఆ నెలలో నాకు దక్కిన మంచి ఇదొక్కటే.

ఆ తరువాత కండక్టరమ్మ డ్యూటీ దిగగానే గదుల వేటకి వెళ్ళేది. డిపో చుట్టుపక్కల గది లేదు. ఒకచోట మంచాలు మాత్రం ఉన్నాయట, పగలు పడుకునేవాళ్ళకి ఒక అద్దె, రాత్రి పడుకునేవాళ్ళకి ఒక అద్దె. ఒకరు లేచిన పక్కలో వెచ్చదనం ఆరకముందే ఇంకొకరు పడుకోవాలి.

మే నెలాఖరు దగ్గరపడుతుండగా, ఒక సాయంత్రం ఆవిడ గేటు దగ్గర మెట్టుమీద కూర్చుని చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. కుళాయి నీళ్ళు పట్టుకుని వస్తూ ఆగాను.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది సార్. ఊరి చివర. గాలీ వెలుతురూ అన్నీ ఉన్నాయి. ఇంటావిడ కూడా మంచిది." నవ్వింది. "ఒక్కటే చిక్కు. నాది మొదటి బస్సు కదా. నన్ను అక్కణ్ణుంచి మొదటి బస్సుకి తీసుకురావడానికి, దానికన్నా ముందు ఇంకో బస్సేదీ?"

"డ్యూటీ మార్చమని అడగరాదూ?"

"అడిగాను. వేళకి రాలేనివాళ్ళ బదులు రాగలిగేవాళ్ళు చాలామంది ఉన్నారన్నారు. పర్మినెంటు వాళ్ళైతే బతిమాలుకోవచ్చు. నాకు డ్యూటీ పోతే ఉద్యోగం పోయినట్టే." చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. "ఊళ్ళో వాళ్ళందర్నీ పనులకి చేరుస్తాను సార్. నన్ను చేర్చేవాళ్ళే లేరు."

దుప్పటి వెనకనుంచి పెద్దావిడ దగ్గు వినిపించింది. అది పొగకి వచ్చే దగ్గు.

మా ఇంట్లో మూడు గదులు. ఒకటి నాది, ఒకటి మా అమ్మాయిది. మూడోది మా ఆవిడ జబ్బుగా ఉన్నప్పుడు పడుకున్న గది. పిలిస్తే నాకు వినపడాలని దాని తలుపు ఓరగా తీసి ఉంచేవాళ్ళం. ఆవిడ పోయి రెండేళ్ళైనా ఆ తలుపు అలాగే ఉండిపోయింది. రోజూ అందులో కిటికీ ఊచలకి మసి తుడుస్తాను. ఎవరికోసం తుడుస్తున్నానో ఆలోచించలేదు.

"పైన ఖాళీ ఉందమ్మా," అన్నాను.

"డాబామీదా సార్?"

"కాదు, మా ఇంట్లో."

ఆవిడ నా మొహంలోకి చూసింది. పొద్దస్తమానం మనుషుల మొహాలు చూసి ఎవడు టిక్కెట్టు కొన్నాడో ఎవడు కొనలేదో చెప్పగల మనిషి.

"అమ్మాయిగారు ఏమంటారో."

"తనే నన్ను అడగమంది," అని అబద్ధమాడాను. ఆ రాత్రి మా అమ్మాయిని అడిగితే, "ఇన్నాళ్ళూ నువ్వంటావని చూస్తున్నాను," అంది. అబద్ధం పెద్ద దూరం పోలేదు.

"టిక్కెట్టు కొట్టకుండా ఎక్కను సార్," అంది కండక్టరమ్మ.

"కొట్టమ్మా. ఎవరు వద్దన్నారు?"

జూన్ మొదటి ఆదివారం సామాను పైకి చేర్చాం. పెద్దావిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నేనొకవైపు, కూతురొకవైపు, వెనక మా అమ్మాయి పట్టుకుని మోస్తున్నాం. రెండో అంతస్తులో మా బావమరిది తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"ఏమిటిది బావగారూ?"

"కనబడుతోందిగా."

"ఎక్కడికి?"

"మీ అక్క గదికి."

అతని మొహం ఎర్రబడింది. "మా అక్క గదిలో పరాయివాళ్ళని పెడతారా? ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది?"

"మీ అక్క ఎప్పుడైనా ఎవరినైనా గుమ్మంలో నిలబెట్టిందా?"

మెట్లమీద అందరం ఆగిపోయాం, కుర్చీ బరువు చేతులు లాగేస్తోంది. "అది కాదు, భవనంలో నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు చివరికి.

"వాళ్ళకి బిస్కెట్లు పెట్టు," అన్నాను.

కండక్టరమ్మ కిసుక్కున నవ్వి, "జరగండి సార్, దారివ్వండి, పైన ఖాళీ ఉంది," అంది. అతను జరిగాడు. కుర్చీలోంచి పెద్దావిడ అతనికి మర్యాదగా నమస్కారం పెట్టింది. ఎన్నాళ్ళో అతనికి అద్దె కట్టిన మనిషి కదా, పెట్టకుండా ఉండలేకపోయింది.

ఆ వారం కింది గదికి కొత్తగా లేపిన మిగతా గోడలు కొట్టేశారు. అందులో మా బావమరిది కారు పెట్టుకున్నాడు, హ్యాండ్ బ్రేకు వేసి. పెద్దావిడ మేకుకి తగిలించిన అద్దం గుర్తు ఇంకా ఆ మూల, భవనం అసలు గోడమీద తెల్లగా ఉంది. తక్కిన గదులు ఎక్కడివక్కడే ఉన్నాయి. సందులో ఖాళీ అయిన జాగాలోకి మర్నాటికల్లా ఎవరిదో ఇంకో కారు వచ్చి నిలబడింది, చక్రం కింద అలాంటి ఇటుకతోనే. ఫ్లైఓవరుకి స్తంభాలు లేచాయి. అది పూర్తయితే మా సందు మొదట్లో వాహనాలు ఇప్పటికన్నా పెరుగుతాయట. ఆఫీసులో లెక్క చూశారని మా అమ్మాయి చెప్పింది.

వాళ్ళు వచ్చిన మొదటి సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే తల్లీకూతుళ్ళు అన్నం తినేశారు. మా అమ్మాయి ఎక్కడో రోడ్డుమీద ఇరుక్కుని ఇంకా రాలేదు. నేను వరండాలో కూర్చున్నాను. కింద హారన్లు ఆగడం లేదు.

"పడుకుంటాం బాబాయిగారూ," అంది కండక్టరమ్మ. అప్పటిదాకా సార్ అనేది. "మొదటి బస్సు."

"ఊఁ. పడుకోండమ్మా."

గది గుమ్మంలో ఆగి ఓరగా ఉన్న తలుపు మీద చెయ్యి వేసింది. కొంచెం కదిపి చూసింది. అది నేలకి పట్టేసి ఆగిపోయింది. నావైపు తిరిగింది.

"ఇది మూసుకుంటుందా?"

"మూసి చాన్నాళ్ళైంది. కాస్త పైకెత్తి నెట్టాలి."

ఆవిడ రెండు చేతులతో తలుపుని పైకెత్తి పట్టుకుంది. లోపల వాళ్ళమ్మ అప్పటికే నిద్రపోయిందేమో, చప్పుడు కాకుండా మెల్లగా మూసింది.